మురుగు తోడుకునే కాలం: జాజ్‌మవూ నుంచి మూసీ దాకా

గంగకు కుడి ఒడ్డున పడమర నుంచి తూర్పుకు సాగిన కాన్పూర్ నగరం జాజ్‌మవూ దగ్గర ముగుస్తుంది. నది నగరాన్ని విడిచి వెళ్లేదీ అక్కడే కనుక, ఊరి మురుగూ, తోళ్ల కర్మాగారాలు వదిలే నీరూ చిరకాలంగా ఆ కొసకే చేరుతున్నాయి. ఎత్తయిన పాత మట్టిదిబ్బ, దాని చుట్టూ ఇరుకు సందులు, ఆరేసిన నీలిరంగు తోళ్లు, వాటి వెనక సుమారు 400 టానరీలు ఉన్న ఈ పేటకు చరిత్ర కోసం వచ్చేవారూ, తోళ్ల వ్యాపారం కోసం వచ్చేవారూ ఉన్నారు గాని, మురుగునీటి శుద్ధి చరిత్రలో దీనికున్న స్థానం తెలిసి వచ్చేవారు తక్కువ. గృహాల మురుగును గాలి సోకని తొట్టెలో, సూక్ష్మజీవుల చేతనే, విద్యుత్తు ఖర్చు పెద్దగా లేకుండా శుద్ధి చేయవచ్చని భారతదేశంలో పెద్ద కొలతలో నిరూపించిన తొలి రియాక్టర్ 1989లో పనిచేయడం మొదలుపెట్టింది ఇక్కడే. అక్కడి నుంచి గంగ వెంట మీర్జాపూర్‌కు, మీర్జాపూర్ నుంచి దక్షిణానికి తిరిగి హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట, నాగోలు, నల్లచెరువులకు సాగే దారిలో, అలాంటి రియాక్టర్లకు ప్రాణం ఎలా వస్తుందో, వచ్చిన ప్రాణం ఎందువల్ల నిలుస్తుందో, ఎందువల్ల నిలవదో చూడవచ్చు.

రియాక్టర్ అనే మాట తెలుగు పాఠకుడికి అణు విద్యుత్తును గుర్తుకు తెచ్చినా, ఇక్కడ అది సుమారు 5 మీటర్ల లోతున్న కాంక్రీటు తొట్టె మాత్రమే. అవాయు రియాక్టర్ అంటే ప్రాణవాయువు లేని చోట బతికే సూక్ష్మజీవులకు నివాసంగా కట్టిన తొట్టె అని అర్థం. వీటిలో అప్‌ఫ్లో అనరోబిక్ స్లడ్జ్ బ్లాంకెట్ అనే రకాన్ని ఇంజనీర్లు పొడి అక్షరాలతో యూఏఎస్‌బీ అంటారు. మురుగునీరు గొట్టాల గుండా తొట్టె అడుగుకు దిగి, అక్కడ పరుచుకున్న నల్లని స్లడ్జ్ పొరలోంచి నెమ్మదిగా పైకి వస్తుంది. స్లడ్జ్ అంటే జీవులూ, అవి పట్టి ఉంచిన ఘనపదార్థాలూ కలిసిన చిక్కని బురద. పైకి వచ్చేసరికి నీటిలోని మాలిన్యంలో ఎక్కువ భాగం వాయువుగా మారుతుంది. తొట్టె పైభాగాన బోర్లించిన గరాటుల వంటి కప్పులు ఉంటాయి. వాయువు వాటి కిందికి చేరుతుంది, స్లడ్జ్ జారి మళ్లీ అడుగుకు పోతుంది, తేరిన నీరు అంచుల మీదుగా కాలువలోకి పొర్లుతుంది. తొట్టెలో తిరిగే చక్రం గాని, గాలి ఊదే యంత్రం గాని లేకపోవడమే దీని గొప్పతనం.

ఈ పద్ధతికి పుట్టిల్లు నెదర్లాండ్స్. వాగెనింగెన్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గాట్జె లెట్టింగా, ఆయన సహచరులు 1970లలో చక్కెర పరిశ్రమ మురుగుతో చేసిన ప్రయోగాలలో, పైకి పారే నీటి ఒత్తిడికి సూక్ష్మజీవులు ఒకదానినొకటి పట్టుకొని ఆవగింజలంత గుళికలుగా కట్టడం గమనించారు. ఆ గుళికలు బరువెక్కి అడుగునే నిలవడం వల్ల, జీవులను పట్టి ఉంచడానికి రాళ్లు గాని ప్లాస్టిక్ ముక్కలు గాని నింపవలసిన అవసరం తప్పింది. లెట్టింగా దీనికి పేటెంటు తీసుకోకుండా అందరికీ విడిచిపెట్టారు. చల్లని యూరప్‌లో ఇది కర్మాగారాల చిక్కని మురుగుకు పరిమితమైతే, ఇళ్ల పలుచని మురుగుకూ పనికివస్తుందన్న నమ్మకాన్ని వేడి దేశాలే కలిగించాయి. కొలంబియాలోని కాలీ నగరంలో 1983లో 64 ఘనమీటర్ల ప్రయోగ రియాక్టర్ నడిచింది. దాని వెనకే, 1986లో ఆరంభమైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద డచ్చి ప్రభుత్వ సహకారంతో జాజ్‌మవూలో రోజుకు 50 లక్షల లీటర్ల సామర్థ్యం గల కేంద్రం లేచింది. రోజుకు పది లక్షల లీటర్లను ఇంజనీర్లు ఒక ఎంఎల్‌డీ అంటారు కనుక, ఇది 5 ఎంఎల్‌డీ కేంద్రం. దాని రియాక్టర్ పరిమాణం 1200 ఘనమీటర్లు. అంటే లోపలికి వచ్చిన నీరు సుమారు 6 గంటలు మాత్రమే అందులో ఉండి బయటపడుతుంది.

ఆ ఆరు గంటల్లోనే స్టార్టప్ చిక్కంతా ఉంది. స్టార్టప్ అంటే కట్టిన తొట్టెను పని చేసే రియాక్టర్‌గా తయారుచేసే తొలి దశ. పంపుకైనా మోటారుకైనా మీట నొక్కిన క్షణమే ప్రారంభం. అవాయు రియాక్టర్‌కు మీట లేదు. మాలిన్యం వాయువుగా మారే దారిలో నాలుగు మెట్లున్నాయి. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు ముందు చిన్న ముక్కలుగా విరుగుతాయి. ఆ ముక్కలు పులిసి రకరకాల ఆమ్లాలవుతాయి. ఆ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లంగా, అంటే సిర్కాకు పులుపునిచ్చే ఆమ్లంగా, హైడ్రోజన్‌గా మారతాయి. చివరకు మీథేన్ చేసే జీవులు వాటిని తిని గోబర్ గ్యాస్‌లో మండే వాయువునే విడుస్తాయి. ఆమ్లం చేసే జీవులు కొన్ని గంటల్లో రెట్టింపవుతాయి. మీథేన్ చేసేవాటిలో ముఖ్యమైన మీథనోసీటా రెట్టింపు కావడానికి 4 నుంచి 7 రోజులు పడుతుంది. నీరు ఆరు గంటల్లో వెళ్లిపోతుంటే, వారానికి ఒకసారి రెట్టింపయ్యే జీవి నీటితోపాటు కొట్టుకుపోకుండా అడుగున నిలదొక్కుకోవాలి. ఈ నిదానం కేవలం లోపం కాదు: నిదానంగా పెరిగే జీవులు తక్కువ బురద చేస్తాయి కనుకనే ఈ పద్ధతిలో పారవేయవలసిన స్లడ్జ్ తక్కువ, గాలి ఊదనక్కరలేదు కనుకనే కరెంటు ఖర్చు తక్కువ. రియాక్టర్ ఆలస్యమూ, దాని పొదుపూ ఒకే గుణానికి రెండు పేర్లు.

పాలు పెరుగు కావాలంటే తోడు వేయాలి, గోరువెచ్చగా ఉండాలి, గిన్నె కదపకూడదు అని తెలుగు ఇళ్లలో చెప్పే మూడు మాటలూ ఇక్కడ దాదాపు యథాతథంగా వర్తిస్తాయి. తోడు అంటే, పనిచేస్తున్న మరో రియాక్టర్ నుంచో, స్లడ్జ్ డైజెస్టర్ నుంచో తెచ్చిన జీవమున్న బురద. అది దొరకని చోట పేడనీళ్లు వడగట్టి పోస్తారు. సాధారణంగా తొట్టె పరిమాణంలో పదింట ఒక వంతు నుంచి మూడు వంతుల దాకా తోడు వేస్తే నయం అంటారు. జాజ్‌మవూ 5 ఎంఎల్‌డీ రియాక్టర్‌కు తోడు వేయలేదు. మనుషుల మలంలోనూ, కాలువల అడుగు బురదలోనూ మీథేన్ జీవులు కొద్దిగా ఎప్పుడూ ఉంటాయి కనుక, ఏప్రిల్ వేడిలో మొదలుపెట్టి, తక్కువ ప్రవాహంతో నడిపి, వాటినే పెరగనిచ్చారు. పాలను ఎండలో పెడితే తమంతట తామే తోడుకున్నట్టు, రెండు మూడు నెలల్లో స్లడ్జ్ పొర ఏర్పడింది; తర్వాతి నడకలో మాలిన్యం సుమారు మూడు వంతులు తగ్గిందని లెక్కలు తేల్చాయి. తోడు లేకపోయినా పని జరుగుతుందని జాజ్‌మవూ నేర్పింది. కాలాన్ని మాత్రం కుదించలేమనీ నేర్పింది.

ఈ కాలంలో ప్రవాహం చేసే పనిని కళ్లంలో రైతు చేసే తూర్పారబట్టడంతో పోల్చవచ్చు. 5 మీటర్ల తొట్టెలో నీరు 8 గంటలుంటే, అది గంటకు సుమారు 60 సెంటీమీటర్ల వేగంతో పైకి లేస్తుంది. అంతకంటే నిదానంగా దిగే తేలిక పోగులు కాలువలోకి కొట్టుకుపోతాయి. వేగంగా దిగే బరువైనవి నిలుస్తాయి. గాలి మరీ తక్కువైతే పొట్టు గింజతోనే ఉండిపోతుంది, మరీ ఎక్కువైతే గింజ కూడా పోతుంది. అందుకే మొదట మూడోవంతు లేదా సగం ప్రవాహంతో నడిపి, బయటికి వచ్చే నీటిలో ఆమ్లాలు తగ్గినప్పుడు మాత్రమే ఇంకొంచెం పెంచుతారు. మొదటి వారాల్లో రియాక్టర్ నుంచి వచ్చే నీరు మబ్బుగా, బురదగా ఉండడాన్ని చూసి భయపడి, పోయిన బురదను తెచ్చి మళ్లీ పోసే ప్రయత్నం చేస్తే ఆ ఎంపికే ఆగిపోతుంది. కొట్టుకుపోయేది పోవడమే స్టార్టప్‌లో సగం పని. పలుచని గృహ మురుగులో లెట్టింగా చూసినంత గట్టి గుళికలు సాధారణంగా కట్టవు. భారతదేశపు కేంద్రాలలో ఎక్కువగా కనిపించేది నల్లని, బరువైన రేకుల స్లడ్జే, దానితోనే పని సాగుతుంది.

స్టార్టప్ చెడడం అంటే చాలాసార్లు పులిసిపోవడమే. మురుగును ఒక్కసారిగా ఎక్కువ పోస్తే, ఆమ్లం చేసే జీవులు తమ వంతు వెంటనే పూర్తి చేస్తాయి, మీథేన్ చేసేవి వెనకబడతాయి. పోగుపడిన ఆమ్లం పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, 6.5 కంటే కిందికి లాగుతుంది. ఆ పులుపులో మీథేన్ జీవులు మరింత మందగిస్తాయి, పులుపు ఇంకా పెరుగుతుంది. దీన్ని ముందే పసిగట్టడానికి పీహెచ్ ఒక్కటే చాలదు, ఎందుకంటే నీటిలోని బైకార్బొనేట్లు ఆమ్లాన్ని కొంతకాలం మింగి పీహెచ్‌ను నిలబెడతాయి, అవి అయిపోయిన రోజున అది ఒక్కసారిగా కూలుతుంది. కనుక ప్రయోగశాలలో ఆమ్లాల మొత్తాన్నీ, ఆ మింగే శక్తినీ, అంటే ఆల్కలినిటీనీ, విడివిడిగా కొలిచి నిష్పత్తి చూస్తారు, అది 0.3, 0.4 లోపు ఉంటే భయం లేదు, 0.8 దగ్గరికి వస్తే ప్రవాహం ఆపి, సున్నమో, సోడియం బైకార్బొనేటో కలిపి వేచి ఉండాలి. ఇళ్ల మురుగులో ఆల్కలినిటీ సహజంగానే చాలినంత ఉంటుంది కాబట్టి అది పులిసేది అరుదు. చక్కెర, సారాయి, స్టార్చి పరిశ్రమల మురుగుతో స్టార్టప్ చేసేవారికి మాత్రం ఈ నిష్పత్తే రోజూ చూసుకునే నాడి.

జాజ్‌మవూ రెండో పాఠం మొదటి దాని పక్కనే, 1994లో మొదలైన 36 ఎంఎల్‌డీ రియాక్టర్లలో ఉంది. అందులో 9 ఎంఎల్‌డీ టానరీల నీరు, 27 ఎంఎల్‌డీ ఇళ్ల మురుగు. ఒకటికి మూడు పాళ్లలో కలిపితే తోళ్ల నీటిలోని విషం పలచబడుతుందన్నది ఆలోచన. తోళ్లకు నీలిరంగు తెచ్చే క్రోమియం సల్ఫేటు నీటితోపాటు వచ్చి రియాక్టర్‌లో రెండు వేర్వేరు పనులు చేస్తుంది. క్రోమియం హైడ్రాక్సైడుగా గడ్డకట్టి స్లడ్జ్‌లో చేరుతుంది, దానితో ఆ స్లడ్జ్ పొలానికి ఎరువుగా పనికిరాకుండా పోతుంది. సల్ఫేటునేమో మరో జాతి జీవులు ప్రాణవాయువుకు బదులుగా వాడుకుంటాయి. అవి మీథేన్ జీవుల నోటి దగ్గరి ఎసిటిక్ ఆమ్లాన్నీ, హైడ్రోజన్‌నూ లాక్కొని, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. ఆ వాయువు హద్దు మీరితే మీథేన్ జీవులకే విషం. నీటి మట్టానికి పైన తడిసిన కాంక్రీటు మీద అది గంధకామ్లంగా మారి కప్పునూ, గోడనూ తినేస్తుంది. తోడు ఎంత మంచిదైనా పాలలో ఉప్పు పడితే పెరుగు చెడినట్టు, ప్రతి టానరీ తన నీటిని ముందుగా శుభ్రం చేసి, క్రోమియం వేరుచేసి పంపకపోతే ఏ స్టార్టప్ నేర్పూ ఆ రియాక్టర్‌ను కాపాడలేదన్నది జాజ్‌మవూ అనుభవం. శుద్ధి అయిన నీరు కాలువల గుండా వెళ్లి తడిపే దిగువ పొలాల రైతులు దాని నాణ్యత మీద ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదులు ఆ అనుభవానికి కొనసాగింపు.

కాన్పూర్ నుంచి తూర్పుకు వెళ్లే రైలు ప్రయాగ దాటాక గంగకు దక్షిణపు ఒడ్డున సాగుతుంది. మైదానం సన్నబడి, వింధ్య కొండల ఇసుకరాతి అంచు కుడివైపున కనిపించడం మొదలయ్యాక వింధ్యాచల్, ఆ వెంటనే మీర్జాపూర్ వస్తాయి. తివాచీలకు, రాతికి పేరుపడ్డ ఈ పట్టణానికి సమీపంగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమే భారతదేశపు ప్రామాణిక కాలానికి ఆధారం. దేశమంతటి గడియారాలకు లెక్క చెప్పే ఈ చోట, 1994లో మొదలైన 14 ఎంఎల్‌డీ యూఏఎస్‌బీ కేంద్రం గడియారంతో పొత్తు లేని కాలాన్ని పాటిస్తుంది. టానరీల నీరు లేని, మామూలు ఊరి మురుగుకు ఈ పద్ధతి సరిపోతుందని నిర్ధారించుకోవడానికి కట్టిన కేంద్రం ఇది. రియాక్టర్ తర్వాత నీటిని ఒక రోజు సేపు నిలిపే తటాకాన్ని కూడా చేర్చారు. రియాక్టర్ మాలిన్యాన్ని మూడు వంతులు తగ్గించినా, మిగిలిన వంతుతోనూ, రోగకారక క్రిములతోనూ ఉన్న నీటిని నేరుగా నదిలోకి వదలడం కుదరదు కనుక, పాలిషింగ్ పాండ్ అనే ఈ తటాకం యూఏఎస్‌బీ పద్ధతికి తోబుట్టువు అయింది.

ఇలాంటి కేంద్రంలో రియాక్టర్ మీది నడవలోకి ఎక్కితే కనిపించేవి చాలా సాధారణమైన పనులు. మురుగు ముందుగా ఇనుప జాలీల గుండా వచ్చి గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు విడిచి, ఇసుక దిగే గదిలో ఇసుక విడిచి, రియాక్టర్ నెత్తిన ఉన్న చిన్న పెట్టెల్లోకి చేరుతుంది. ఒక్కో పెట్టె నుంచి గొట్టాలు విడివిడిగా అడుగుకు దిగుతాయి. అడుగున ఒక్కో గొట్టం కొన్ని చదరపు మీటర్ల మేరకే నీరందిస్తుంది కనుక, ఒక గొట్టం పూడుకుపోతే పైన ఏమీ తెలియదు గాని, కింద అంత మేర స్లడ్జ్ ఆకలితో ఉంటుంది, పక్క గొట్టం మీద భారం పెరుగుతుంది, అక్కడ నీరు పొరను చీల్చుకొని దారి చేసుకుంటుంది. ఏ పెట్టెలో నీటి మట్టం పెరిగిందో చూసి, పొడవాటి కర్రతో ఆ గొట్టాన్ని పొడిచి తెరవడం రోజువారీ పని. తొట్టె గోడకు వేర్వేరు ఎత్తుల్లో బిగించిన కొళాయిల నుంచి వారానికొకసారి బురద పట్టి, ఏ ఎత్తులో ఎంత చిక్కగా ఉందో గీత గీస్తారు. స్టార్టప్ నెలల్లో ఆ గీత అడుగు నుంచి అంగుళం అంగుళంగా పైకి పాకడమే పొర పెరుగుతున్నదనడానికి నిదర్శనం. బూడిదరంగు బురద నల్లబడడం, కప్పు కింద బుడగలు లేవడం, గ్యాస్ మీటరు ముల్లు కదలడం ఆ వరుసలో వచ్చే ఆనవాళ్లు. గంగా మైదానపు శీతకాలంలో మురుగు చల్లబడుతుంది. 10 డిగ్రీలు తగ్గితే మీథేన్ జీవుల చురుకు దాదాపు సగమవుతుంది కనుక, స్టార్టప్‌ను వేసవి ముఖాన మొదలుపెట్టినవారికి ఆ వేడి కొంత కాలాన్ని ఆదా చేస్తుంది, కార్తీకంలో మొదలుపెట్టినవారికి చలి మరికొన్ని నెలలు కలుపుతుంది.

జాజ్‌మవూ, మీర్జాపూర్‌ల పాఠంతోనే 1993లో ఆరంభమైన యమునా కార్యాచరణ ప్రణాళిక హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో మొత్తం 598 ఎంఎల్‌డీ సామర్థ్యంతో 16 యూఏఎస్‌బీ కేంద్రాలను కట్టించింది. కర్నాల్, పానిపత్, ఫరీదాబాద్, ఘాజియాబాద్, నోయిడాల నుంచి ఆగ్రాలోని 78 ఎంఎల్‌డీ కేంద్రం దాకా అవి నది పొడవునా వరుసగా నిలిచాయి. స్టార్టప్ అయిపోయింది కదా అని పెరిగిన స్లడ్జ్‌ను తీయడం మానేస్తే పొర గరాటుల దాకా లేచి, శుద్ధి నీటితోనే తటాకంలోకి పొర్లి, తటాకమూ పూడుతుందన్నది ఈ కేంద్రాలన్నిటికీ ఉమ్మడి హెచ్చరిక. తోడుకున్న గిన్నెను ఎవరూ కడగకుండా మళ్లీ మళ్లీ వాడినట్టే అది.

మీర్జాపూర్ నుంచి దక్షిణానికి వచ్చే దారి జబల్‌పూర్, ఇటార్సీ, నాగపూర్, బల్లార్షా, కాజీపేటల మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. వింధ్య, సాత్పురాలు దాటి దక్కను నల్లరేగడి మీదికి దిగేసరికి నీటి స్వభావమే మారుతుంది: హిమాలయపు మంచు నీళ్లు తాగే గంగ వెనకబడి, వానకు నిండి వేసవికి సన్నబడే నదుల దేశం మొదలవుతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ అలాంటి నది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచిన తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి వరదనూ, తాగునీటినీ పట్టుకోవడంతో, వానలు లేని నెలల్లో నగరం లోపలి మూసీలో పారేది ఎక్కువగా నగరం వాడి వదిలిన నీరే. ఆ నీరు చలికాలంలో కూడా గంగా మైదానపు మురుగంత చల్లబడదు కనుక, అవాయు జీవులకు హైదరాబాద్ పుట్టుకతోనే అనుకూలమైన చోటు.

జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళిక కింద ఈ శతాబ్దపు తొలి దశకంలో మూసీ ఒడ్డున కట్టిన కేంద్రాలలో అంబర్‌పేట 339 ఎంఎల్‌డీ, నాగోలు 172 ఎంఎల్‌డీ, ఉప్పల్ దగ్గరి నల్లచెరువు 30 ఎంఎల్‌డీ యూఏఎస్‌బీ పద్ధతివి; రియాక్టర్ తర్వాత గాలి కలిపే తటాకం, ఆ తర్వాత తేర్చే తటాకం వీటిలో ఉంటాయి. జాజ్‌మవూ మొదటి రియాక్టర్‌ను చూసి వచ్చినవారికి అంబర్‌పేట కొలతే ఆశ్చర్యం. 8 గంటల నిల్వ లెక్కన 339 ఎంఎల్‌డీకి కావలసిన తొట్టెల పరిమాణం 11 కోట్ల లీటర్లు దాటుతుంది. అందులో పదింట ఒక వంతు తోడు వేయాలన్నా 10,000 లీటర్ల ట్యాంకర్లు 1100కు పైగా కావాలి. అంత తోడు ఏ ఊరి నుంచీ రాదు. పెద్ద కేంద్రాన్ని అనేక విడి రియాక్టర్లుగా విభజించడంలోని ఒక ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది: ముందు ఒకటి రెండింటిని తోడు వేసో, జాజ్‌మవూలో చేసినట్టు తోడు లేకుండానో నిలబెట్టి, వాటిలో పండిన స్లడ్జ్‌ను పక్కవాటికి పంచితే, చివరి రియాక్టర్ స్టార్టప్ మొదటిదాని కంటే బాగా తక్కువ కాలంలో ముగుస్తుంది. ఇంటి గిన్నెలోంచి పొరుగింటికి తోడు వెళ్లే పద్ధతే ఇది, కొలత మాత్రమే వేరు.

స్టార్టప్‌లో ప్రమాదకరమైన ఘడియ గ్యాస్ మొదలయ్యే ఘడియ. కొత్త రియాక్టర్ కప్పు కిందా, గొట్టాల్లోనూ మొదట ఉండేది మామూలు గాలి. మీథేన్ పుట్టి దానిలో కలుస్తున్నప్పుడు, ఆ మిశ్రమం 5 నుంచి 15 శాతం మీథేన్ ఉన్న మేరను తప్పక దాటవలసి ఉంటుంది, ఆ మేరలో నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే లోపలి గాలి పూర్తిగా బయటికి పోయిందని కొలిచి చూసుకునే దాకా గ్యాస్‌ను అంటించరు. మంట గొట్టంలోకి వెనక్కి పాకకుండా జ్వాలా నిరోధకాలు, నీటి అడ్డు అమరుస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది గాని, ఎక్కువైతే ముక్కు పసిగట్టే శక్తినే చంపుతుంది. వాసన తగ్గిందని గుంతలోకి దిగినవారు తిరిగి రాని సంఘటనలు మురుగు పనిలో తరచుగా వినిపించడానికి అదీ ఒక కారణం. ఇంకొక నష్టం కంటికి కనిపించదు: పుట్టిన మీథేన్‌లో గణనీయమైన భాగం నీటిలోనే కరిగి, తటాకంలోకి చేరాక గాలిలో కలుస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు బలమైన వాయువు అది కనుక, యూఏఎస్‌బీ చేసే కరెంటు పొదుపును లెక్కగట్టేటప్పుడు ఈ నష్టాన్నీ ఎదురుగా రాసుకోవాలి.

నాగోలు, నల్లచెరువులు దాటి మూసీ వెంట తూర్పుకు వెళ్తే నగరం పలచబడి, ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ పరిసరాల్లో నది మీద పాత కత్వలు కనిపిస్తాయి. కత్వ అంటే నీటిని కాలువకు మళ్లించడానికి నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట. వాటి కిందుగా పారా గడ్డి పచ్చని చాపల్లా పరుచుకొని ఉంటుంది. నగరపు పాడిగేదెలకు ఇదే మేత. దిగువకు పోయేకొద్దీ గడ్డి స్థానంలో వరి వస్తుంది. ఎగువన ఒక రియాక్టర్ తోడుకోకపోతే, పూడుకున్న గొట్టాన్ని ఎవరూ పొడవకపోతే, పెరిగిన స్లడ్జ్‌ను తీయకపోతే, ఆ లెక్క ముందు ఈ గడ్డిలోనూ, ఈ మడుల్లోనూ తేలుతుంది. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతంలో ఏడాది పొడవునా వచ్చే ఈ నీటిని రైతు వద్దనలేడు. అందువల్ల శుద్ధి నాణ్యత ఇక్కడ పర్యావరణ సూత్రం కాదు, గేదె తినే మేతకూ, కాలికి అంటే బురదకూ సంబంధించిన విషయం.

ఈ మధ్యకాలంలో ప్రమాణాలు కఠినమయ్యాయి. శుద్ధి నీటిలో మిగిలే మాలిన్యాన్ని కొలిచే బీఓడీకి, అంటే ఆ మాలిన్యాన్ని తినడానికి జీవులు వాడుకునే ప్రాణవాయువుకు, 2017లో కేంద్ర ప్రభుత్వం మహానగరాలలో లీటరుకు 20 మిల్లీగ్రాములను హద్దుగా ప్రకటించగా, 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్ని 10కి తగ్గించింది. యూఏఎస్‌బీ, తటాకాల జంట ఆ హద్దును చేరలేదు. కాబట్టి హైదరాబాద్‌లో తలపెట్టిన 31 కొత్త కేంద్రాలు, మొత్తం 1259.5 ఎంఎల్‌డీ, సీక్వెన్షియల్ బ్యాచ్ రియాక్టర్ పద్ధతిని ఎంచుకున్నాయి. ఒకే తొట్టెలో వంతులవారీగా నింపడం, గాలి ఊదడం, తేర్చడం, పైనీరు తీయడం దీని పని. గాలితో బతికే జీవులు త్వరగా పెరుగుతాయి కనుక ఇది వారాల్లో పట్టాలెక్కుతుంది, నీరు కూడా మరింత తేటగా వస్తుంది. బదులుగా బ్లోయర్లు రాత్రింబవళ్లు కరెంటు తాగుతాయి, బురద కూడా ఎక్కువ పుడుతుంది. కాలం తీసుకొని కరెంటు మిగిల్చే పద్ధతి నుంచి కరెంటు పోసి కాలం మిగుల్చుకునే పద్ధతికి నగరం మారుతున్నదన్నమాట. ఏది మేలు అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. పలుచని ఇళ్ల మురుగుకు కఠినమైన ప్రమాణం కావాలంటే రెండో పద్ధతి, లేదా మొదటిదాని తర్వాత రెండోదాన్ని చేర్చిన జంట. చిక్కని పరిశ్రమ మురుగుకు నేటికీ మొదటిదే.

చక్కెర కర్మాగారాల రియాక్టర్లలో ఈ జీవుల మరో గుణం బయటపడుతుంది. చెరకు కాలం ముగిశాక ఆరేడు నెలలు ఆహారం లేకపోయినా, గాలి సోకనివ్వకుండా అలాగే ఉంచితే స్లడ్జ్ చావదు. మళ్లీ గానుగ మొదలైనప్పుడు కొద్దిరోజుల్లో పుంజుకుంటుంది. మొదటిసారి నెలలు అడిగిన రియాక్టర్ రెండోసారి వారాలే అడుగుతుంది. దేశదేశాల మధ్య గుళికల స్లడ్జ్ సరుకుగా కొనుగోలు అవుతున్నదంటే, అమ్ముడయ్యేది బురద కాదు, ఎక్కడో ఎవరో ఓపికగా గడిపిన ఆ తొలి నెలలు. అందువల్ల మూసీ ఒడ్డున గాని, గంగ ఒడ్డున గాని ఒక పాత రియాక్టర్‌ను ఆపివేసే రోజు వచ్చినప్పుడు, అడుగున మిగిలిన ఆ నల్లని పొరను, దానిలో విషలోహాలు లేవని పరీక్షించాక, తీసుకెళ్లి పారవేయడానికి ముందు అది మరొక తొట్టెకు తోడు అవుతుందేమో చూడడం లాభసాటి. రాత్రి భోజనాలయ్యాక గిన్నె కడిగే ముందు గరిటెడు పెరుగు పక్కకు తీసి పెట్టే ఇల్లాలు చేసేదీ అదే లెక్క.